పిట్టలు చూడటానికి ఏ పొద్దు మంచిది? ఓరుగల్లు, ఉత్తర తెలంగాణ చెరువులకు, చేన్లకు, అడవులకు సమగ్ర మార్గదర్శి

పిట్టలు చూడటానికి ఏ వేళ మంచిదని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: పొద్దున్నే. తప్పు కాదు గాని, అది సగం జవాబే. అడవిలో చిన్న పిట్టల కోసమైతే మబ్బుల, అంటే తెల్లవారకముందే, లేచి పోవాల్సిందే. జనవరిలో చెరువు మీది బాతుల కోసం అదే వేళకు పోతే మంచు తప్ప ఏమీ కనబడదు. గద్దల కోసం ఆరింటికే పోయి నిలబడితే మూడు గంటలు ఆవలింతలే మిగులుతాయి. నాట్ల కాలంలో కరిగెట (నీళ్లు పెట్టి బురద చేసే దున్నకం) దున్నుతున్న పొలం దగ్గరైతే మిట్టమధ్యాహ్నం కూడా పిట్టలకు కొదవ ఉండదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సినవి మూడు: ఏ పిట్ట, ఏ నెల, ఏ తావు. ఇవి తేలితే ఇంట్లోంచి ఎప్పుడు కదలాలో కూడా తేలిపోతుంది.

గడియారం కాదు, పొద్దుపొడుపు

పిట్టలు నడుచుకునేది వెలుతురును బట్టి. వరంగల్‌లో మే చివర, జూన్ మొదట్లో 5:35 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. జనవరి నడుమ 6:45 అయితే గాని పొడవదు. గంటా పది నిమిషాల తేడా ఇది. ఏడాది పొడవునా ‘ఆరింటికి’ అని ఒకే అలారం పెట్టుకున్నవాళ్లు జనవరిలో చీకట్లో నిలబడతారు, జూన్‌లో అసలు సందడి సగం అయిపోయాక చేరతారు. సాయంత్రం కూడా అంతే. నవంబర్ మూడో వారంలో 5:35కే పొద్దు గూకుతుంది. జులై మొదట్లో 6:50 దాటాక గాని గూకదు.

నిజామాబాద్ పడమట ఉంది కాబట్టి అక్కడ వరంగల్ కంటే అయిదారు నిమిషాలు ఆలస్యం. ఏటూరునాగారంలో మూడు నిమిషాలు ముందు. ఈ తేడాలతో పెద్ద పనిలేదు. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే ఆ ఊరి పొద్దుపొడుపు వేళ కనబడుతుంది, దాన్నే సున్నా అనుకుని ముందుకూ వెనక్కూ లెక్కపెట్టండి. పొద్దు పొడవడానికి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల ముందే టార్చి లేకుండా నడిచేంత వెలుతురు వస్తుంది. ఈ మార్గదర్శిలో పొద్దుపొడుపుకు ముందు, తర్వాత అని చెప్పిన వేళలన్నీ ఈ లెక్కలోనే చదువుకోండి.

ప్రయాణాన్ని కూడా ఇందులో కలపాలి. హనుమకొండ నుంచి పాకాల యాభై కిలోమీటర్ల పైచిలుకు. నర్సంపేట మీదుగా చీకట్లో గంటన్నర పెట్టుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. పొద్దుపొడుపు వేళకు ఇంట్లోంచి బయలుదేరి, చేరేసరికి ఎండెక్కిందని బాధపడతారు. అంత పొద్దున లేవడం కుదరకపోతే పాకాల వదిలేసి, ఊరిపక్క చెరువుకు సరైన వేళకు పోవడమే మేలు. దూరపు తావుకు ఆలస్యంగా పోయేకన్నా దగ్గరి తావుకు వేళకు పోతే ఎక్కువ పిట్టలు దొరుకుతాయి.

పొద్దు వెంట పిట్టల పని

పొద్దుపొడుపుకు ముప్పావుగంట ముందు నుంచి చెవులకు పని. ఏట్రింత, కొన్ని ఊళ్లలో పసులపోలిగాడు అంటారు, చీకటి ఉండగానే అందుకుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా కోయిల, మాగ్‌పై రాబిన్ తోడవుతాయి. చేనుగట్ల మీద కౌజు పిట్టలు, అడవి అంచున నెమళ్లు, అడవికోళ్లు కూస్తాయి. ఆ వేళ గాలి కదలదు, బండ్ల మోత ఉండదు, కూత దూరం పోతుంది. పురుగు కనబడేంత వెలుతురు ఇంకా రాలేదు కాబట్టి తిండి వెతికి లాభం లేదు. ఆ ఖాళీని పిట్ట కూతకు వాడుకుంటుంది. కూతలు గుర్తుపట్టడం రానివాళ్లకు ఈ ముప్పావుగంట దండగ అనిపించవచ్చు. అట్లా అనుకోవద్దు. ఏ చెట్టులోంచి ఏ కూత వచ్చిందో ఇప్పుడే గుర్తుపెట్టుకుంటే వెలుతురు వచ్చాక నేరుగా ఆ చెట్టు మీదే బైనాక్యులర్ పెట్టవచ్చు. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉంటే కూత వినిపించి పేరు అడగవచ్చు. అది చెప్పిన పేరును సూచనగానే తీసుకోండి, పిట్టను కళ్లతో చూశాకే రాసుకోండి.

పొద్దు పొడిచాక రెండు గంటలు తిండి వేళ. చిన్న పిట్ట ఒంట్లో దాచుకునే కొవ్వు కొంచెమే, రాత్రంతా పస్తుండటంతో అది తరిగిపోతుంది. తెల్లారగానే నింపుకోవాలి. అందుకే బుల్‌బుల్, తేనెపిట్ట, అయోరా, వార్బ్లర్ వంటివి ఈ రెండు గంటల్లో కుదురుగా ఉండవు, కొమ్మ కొమ్మా వెతుకుతాయి, దాక్కోవు. రోజు మొత్తంలో ఎక్కువ రకాలు కనబడేది ఇప్పుడే. అయితే చలికాలంలో ఒక మెలిక ఉంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబర్, జనవరిలో రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. అంత చలికి పురుగులు కదలవు. పురుగులు కదలకపోతే వాటిని తినే పిట్టలు కూడా ఒళ్లు ముడుచుకుని కూర్చుంటాయి. అక్కడ అసలు సందడి పొద్దు పొడిచిన ముప్పావుగంటకు మొదలై, పొద్దు పొడిచాక మూడు గంటలు గడిచేదాకా సాగుతుంది. ఎండ మొదట తాకే చెట్ల కొనలు, తూర్పు వైపు కొమ్మలు వెతకండి. పసిరిక పిట్టలు ఒకదానికొకటి ఆనుకుని ఎండ కాగుతూ కనబడతాయి.

తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు పెద్ద రెక్కల వంతు. నేల వేడెక్కి గాలి పైకి లేస్తేనే గద్దలు, డేగలు, రాబందులు రెక్క కొట్టకుండా చుట్లు తిరుగుతూ పైకి పోగలవు. చలికాలంలో ఆ గాలి లేచేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, ఎండాకాలంలో ఎనిమిదిన్నరకే లేస్తుంది. చిన్న పిట్టలు నెమ్మదించే వేళా ఇదే కాబట్టి తల పైకెత్తండి. గుట్ట అంచు, మొరం దిబ్బ, కాలువ కట్ట వంటి ఎత్తైన చోటు చూసుకుని కూర్చుంటే చాలు.

పదకొండున్నర నుంచి మూడున్నర దాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మేలో 42 డిగ్రీలు దాటిన ఎండలో పిట్టలు నోరు తెరిచి వగరుస్తూ నీడన ఉంటాయి. అప్పుడు కూడా ఆగకుండా కూసేది కంసాలి పిట్ట ఒక్కటే అనిపిస్తుంది.

సాయంత్రం చివరి రెండు గంటలు పొద్దుటికి నకలు కాదు. కూత తక్కువ, కదలిక మాత్రం ఒక దారిలో ఉంటుంది. పొద్దున పిట్టలు నాలుగు దిక్కులా చెదిరిపోతాయి. సాయంత్రం అన్నీ రాత్రి ఉండే చెట్ల వైపు వస్తాయి. అందుకే సాయంత్రం తిరగొద్దు. ఒకచోట నిలబడాలి.

చెరువు: వెలుతురు ఎటు, నీళ్లు ఎంత

కాకతీయుల పుణ్యమా అని ఈ ప్రాంతంలో ఏ ఊరికి పోయినా చెరువుంటుంది. భద్రకాళి, వడ్డేపల్లి వరంగల్, హనుమకొండ ఊళ్లకు ఆనుకునే ఉన్నాయి, ధర్మసాగర్ కొంచెం దూరం. రామప్ప, లక్నవరం, పాకాల అడవి చెరువులు. అన్నింటికీ ఒకటే సూత్రం: సూర్యుడు మీ వెనక ఉండాలి. పొద్దున తూర్పు ఒడ్డున నిలబడి పడమటికి చూడండి, సాయంత్రం పడమటి ఒడ్డున నిలబడి తూర్పుకు చూడండి. దీన్ని తలకిందులు చేస్తే నీళ్ల మీది తళుకుకు ప్రతి బాతూ నల్ల ముద్దలాగే కనబడుతుంది. ఏ రంగూ తెలియదు, ఏ రకమో తేలదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ‘ఇక్కడ అన్నీ నీటికాకులే’ అని తిరిగి రావడానికి సగం కారణం ఇదే. ముందురోజే ఫోన్ మ్యాప్‌లో చెరువు తెరిచి, కట్ట ఏ దిక్కున ఉందో, ఏ ఒడ్డుకు బాట ఉందో చూసుకోండి. తూర్పు ఒడ్డుకు బాట లేని చెరువైతే పొద్దున పోయి కళ్లు నొప్పెట్టించుకోవద్దు. ఆ చెరువుకు సాయంత్రం పోవాలి.

డిసెంబర్, జనవరిలో నీళ్ల మీద మంచు ఏడున్నర, ఎనిమిది దాకా విడవదు. అందులో పోగొట్టుకునేది కూడా తక్కువే. పిన్‌టెయిల్, గార్గనే వంటి వలస బాతులు, మన దగ్గరే ఉండే విజిలింగ్ బాతులు చాలావరకు రాత్రి తిని పగలు నీళ్ల నడుమ విశ్రాంతి తీసుకుంటాయి. ఎనిమిది నుంచి పది వరకు వాటిని తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. వాటి ఎగురుడు చూడాలంటే మాత్రం పొద్దు గూకిన అరగంట దాకా కట్ట దిగొద్దు. పడమటి వెలుగు మిగిలి ఉండగానే గుంపులు లేచి పొలాల వైపు పోతాయి.

నీటిమట్టాన్ని బట్టి వేళ మారుతుంది. అక్టోబర్‌లో నిండి మత్తడి దుంకుతున్న (అలుగు పారుతున్న) చెరువులో ఒడ్డు దాకా నీళ్లే, కాబట్టి బురదలో తిరిగే పిట్టలకు చోటుండదు. యాసంగికి తూము తెరిచాక ఫిబ్రవరి నుంచి శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది, ఆ తడి బురదలో శాండ్‌పైపర్లు, స్టిల్ట్‌లు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. వీటికి మాత్రం పొద్దుపొడుపు వేళే కావాలి, అదీ పిట్టల కోసం కాదు, మన చూపు కోసం. మార్చిలో తొమ్మిది దాటితే బురద మీద వేడిగాలి వణుకుతుంది. ఆ ఆవిరి తెరలోంచి చూస్తే దూరపు పిట్ట అలల్లో ఊగుతున్నట్టు ఉంటుంది. ఎంత ఖరీదైన అద్దమూ దాన్ని సరిచేయలేదు. పది రెట్ల బైనాక్యులర్ ఆ వణుకును ఇంకా పెద్దది చేసి చూపుతుంది. కరీంనగర్ లోయర్ మానేరు, శ్రీరాంసాగర్ వెనక జలాల వంటి పెద్ద నీళ్ల దగ్గర దూరం ఎక్కువ కాబట్టి ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్కడ పొద్దు పొడిచాక రెండు గంటల్లోపే దూరపు పిట్టల పని ముగించుకోవాలి.

చేపలు పట్టేవాళ్ల వేళ కూడా తెలుసుకోండి. తెల్లవారుజామున తెప్పల మీద పోయి వలలు తీస్తారు. అప్పుడు బాతులన్నీ చెరువు అవతలి మూలకు జరుగుతాయి. వల తీసే రోజు ఏదో ఒడ్డున ఛాయ్ తాగుతూ అడిగితే చెబుతారు. ఆ రోజు బాతుల కోసం కాకుండా చేపలు దించే ఒడ్డుకు పోండి. గద్దలు, తెల్లకొంగలు, గుడ్డికొంగలు అక్కడ చేరతాయి.

సాయంత్రం చెరువులో చూడాల్సింది శిఖంలోని తుమ్మచెట్లు. నీటికాకులు, కొంగలు, నల్ల కంకణాలు (వంకర ముక్కు ఐబిస్ పిట్టలు) రాత్రికి వాటి మీదే వాలతాయి. పొద్దు గూకడానికి గంట ముందు చేరి, చెట్లకు వంద మీటర్ల దూరాన ఆగండి. ఎటునుంచి ఎన్ని వస్తున్నాయో అయిదు నిమిషాలకొకసారి రాసుకోండి. చీకటి పడే వేళకు నైట్ హెరాన్‌లు (రాత్రి వేటాడే కొంగలు) ఎదురు దిక్కున బయలుదేరతాయి, ఒక జట్టు దిగుతుంటే ఇంకో జట్టు డ్యూటీ ఎక్కినట్టు.

చేన్లు, పొలాలు: వేళను నిర్ణయించేది రైతు

పొలంలో పిట్టల వేళ పొద్దును బట్టి కాదు, పనిని బట్టి. వానాకాలం నాట్లకు జులై, ఆగస్టులో, యాసంగి నాట్లకు డిసెంబర్, జనవరిలో ట్రాక్టర్‌కు కేజ్‌వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) బిగించి కరిగెట దున్నుతారు. మట్టి తిరగబడగానే ఎర్రలు, పురుగులు, కప్పలు పైకి వస్తాయి. తెల్లకొంగలు ట్రాక్టర్ వెంటే నడుస్తాయి, వాటి వెనక నల్ల కంకణాలు, గోరింకలు, పైన ఏట్రింతలు. ట్రాక్టర్ నడిచినంతసేపూ ఇది సాగుతుంది, పన్నెండైనా రెండైనా సరే. ఇంజన్ ఆగిన పావుగంటకు పొలం ఖాళీ. వరికోత మిషన్ నడిచే నవంబర్‌లో, మళ్లీ ఏప్రిల్‌లో కూడా ఇదే తంతు. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన చోట పొగ అంచున మిడతల కోసం పాలపిట్టలు, గద్దలు చేరతాయి. నిప్పు పెట్టడం మంచిది కాదు, అది వేరే మాట.

పాలపిట్టను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు దసరాకు ఎక్కువ. మన రాష్ట్ర పక్షి అది, పండుగనాడు కనబడితే శుభమని నమ్మకం. పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు, సాయంత్రం నాలుగు తర్వాత ఊరి బయట కరెంటు తీగలు, బోరు మోటరు స్తంభాలు, ఎండిన మోడులు చూస్తూ బండి మీద నెమ్మదిగా పోండి. పాలపిట్ట వెంటాడి తినే పిట్ట కాదు. ఎత్తున కూర్చుని నేలను చూస్తూ, కదలిక కనబడితే దిగుతుంది. అందుకే నిలువెత్తు పత్తి చేను పక్కన కన్నా నేల కనబడే బీడు పక్కన దొరుకుతుంది. కూర్చున్నప్పుడు గోధుమరంగు ముద్దలా ఉంటుంది, రెక్క విప్పితేనే నీలం. బండి ఆపి దిగితే లేచిపోతుంది. ఇంజన్ ఆపి సీటు మీంచే చూడండి. పంజరంలో పెట్టుకుని వచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం.

జూన్‌లో తొలకరి పడ్డ సాయంత్రం ఇంకో అవకాశం. తడిసిన పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. ఇరవై నిమిషాలో, గంటో, ఎంతసేపు ఉంటాయో చెప్పలేం. అంతలోనే ఏట్రింతలు, గద్దలు, కాకులు, స్విఫ్ట్‌లు అన్నీ ఒకే గాలిలో తింటూ కనబడతాయి. దీనికి ప్రణాళిక అక్కర్లేదు. వాన వెలవగానే డాబా ఎక్కితే చాలు.

వానాకాలంలో వేళల పట్టిక పక్కన పెట్టి మబ్బును చూడాలి. రాత్రంతా పడి పొద్దున తొమ్మిదికి వెలిస్తే, తొమ్మిది నుంచి పది వరకు పిట్టలు తెల్లవారుజామున తిన్నంత ఆత్రంగా తింటాయి. ముసురు పట్టి ఎండ లేని రోజు మధ్యాహ్నం కూడా పూర్తిగా సద్దుమణగదు.

అడవి: పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్

అడవిలో పొద్దు ఆలస్యంగా దిగుతుంది. బయట వెలుతురు వచ్చిన అరగంటకు గాని చెట్ల కింద పిట్ట రంగు తేలదు. అందుకని మొదటి అరగంట అడవి అంచున, చెరువు కట్ట మీద లేదా రోడ్డు పక్క తెరిపిలో గడిపి, తర్వాత లోపలికి నడవడం మంచి పద్ధతి. పాకాలలో గణపతిదేవుడి కాలపు చెరువు, దాని చుట్టూ అడవి పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఈ క్రమం సులభంగా కుదురుతుంది.

చలికాలంలో ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య మినివెట్, నట్‌హ్యాచ్, టిట్, వడ్రంగి పిట్ట, ఫ్లైక్యాచర్ కలిసి ఒకే గుంపుగా తిరుగుతాయి. అడవి పది నిమిషాలు ఖాళీగా అనిపించి ఒక్కసారిగా నాలుగైదు కూతలు ఒకేవైపు నుంచి వినబడితే అది ఈ గుంపే. దాని వెనక పరుగెత్తొద్దు. అది పోయే దిక్కు గమనించి, ముప్పై అడుగులు ముందుకు పోయి నిలబడితే మీ మీదుగానే పోతుంది.

ఫిబ్రవరి, మార్చిలో మోదుగు, బూరుగు పూసినప్పుడు నడక కూడా అక్కర్లేదు. ఆకు రాలి పువ్వు నిండిన ఒక్క చెట్టు చూసుకుని, సూర్యుడు వెనక ఉండేలా కూర్చుంటే చాలు. పువ్వులో తేనె పొద్దునే ఎక్కువ ఉంటుంది. పొద్దు పొడిచాక గంటన్నరలో తేనెపిట్టలు, గోరింకలు, ఏట్రింతలు, రామచిలుకలు వంతుల మీద వస్తాయి. పండిన మర్రి, రావి దగ్గర మాత్రం పది దాకా కదలిక ఉంటుంది, సాయంత్రం మళ్లీ మొదలవుతుంది. హార్న్‌బిల్, ఆకుపచ్చ పావురాలు చూడాలంటే అక్కడే.

ఎండాకాలంలో అడవిలో వేళ తలకిందులవుతుంది. ఏప్రిల్, మేలో వాగులు ఎండాక అటవీ శాఖ నీళ్లు పోసే సాసర్‌పిట్‌లు (పళ్లెంలాంటి నీటి గుంతలు), మిగిలిన మడుగులే దిక్కు. గింజలు తినే పావురాలు, కౌజు పిట్టల వంటివాటికి తిండిలో తేమ ఉండదు కాబట్టి రోజూ నీళ్లు కావాలి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి దాకా అవి నీళ్లకు వస్తాయి. మనం నీళ్లకు మరీ దగ్గరగా కూర్చుంటే దప్పికతో వచ్చిన పిట్ట తాగకుండా తిరిగిపోతుంది. కనీసం నలభై, యాభై అడుగులు వదలండి.

అటవీ శాఖ అనుమతి, గేటు వేళలు ముందే కనుక్కోవాలి. 2012 నుంచి టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్‌లో ఇష్టం వచ్చిన వేళకు ఇష్టం వచ్చిన చోట నడవడం కుదరదు. జన్నారం వైపు పోయేవాళ్లు తొలి సఫారీ ఎన్నింటికో అడిగి దానికి తగ్గట్టు బస చూసుకోవాలి. మేడారం జాతర జరిగే ఏడాది ఆ రోజుల్లో తాడ్వాయి దారి పిట్టలకు పనికిరాదు.

ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయి; ఇప్పుడున్నాయో లేదో అటవీ శాఖను ముందే అడగండి. గాలి వేడెక్కేదాకా అవి రాతి అంచు విడవవు. శాఖ అనుమతితో, వాళ్ల మనిషి తోడుగా ఎనిమిదికి చేరితే, కూర్చున్నవి చూడవచ్చు, పదింటికల్లా లేచేవీ చూడవచ్చు. గూళ్ల కాలం చలికాలమే కాబట్టి దూరం నుంచే చూడాలి.

ఒక పొద్దుటి పని, వరుసగా

ముందురోజు సాయంత్రం బైనాక్యులర్ సరిచూసుకోండి. తెల్లవారు వేళకు 8×42 మంచిది: 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25, కంటికి చేరే వెలుగు గుండ్రం అన్ని మిల్లీమీటర్లు. జేబులో పట్టే 8×25లో అది మూడుకు కొంచెం పైన, అందుకే మసక వెలుతురులో అందులోంచి అంతా నల్లగా ఉంటుంది. ఎడమ కన్ను తెరిచి నడిమి చక్రంతో దూరపు బోర్డు అక్షరాలు స్పష్టం చేయండి. తర్వాత కుడి కన్ను ఒక్కటే తెరిచి, కుడి కంటి దగ్గరి చిన్న చక్రం తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేయండి. ఈ చిన్న చక్రాన్ని మళ్లీ ముట్టుకోవద్దు. ఏసీ గదిలో పెట్టిన బైనాక్యులర్‌ను వానాకాలంలో బయటికి తీస్తే అద్దాల మీద ఆవిరి పడుతుంది. బయలుదేరడానికి అరగంట ముందే వరండాలో ఉంచండి.

పొద్దుపొడుపుకు అరగంట ముందు తావు చేరండి. పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మీ రాకకు మూగబోయిన కూతలు మళ్లీ మొదలవుతాయి. వెలుతురు వచ్చేదాకా రోడ్డు, కట్ట దిగొద్దు. అడవి పందుల కోసం చేన్ల చుట్టూ రాత్రిపూట దొంగచాటుగా కరెంటు తీగలు పరిచే చోట్లున్నాయి; చీకట్లో గట్టు ఎక్కి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. తెల్లారాక కూడా తెలియని చేనులోకి రైతును అడగకుండా దిగొద్దు. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి, కాబట్టి ములుగు, మహబూబాబాద్ వైపు అడవి బాటలో ఒంటరిగా, చడీచప్పుడు లేకుండా నడవడం తెలివైన పని కాదు. పాకాల నీళ్ల అంచున మొసళ్లుంటాయి, ఒడ్డున కూర్చోవద్దు.

వెలుతురు వచ్చాక పావుగంటకొక జాబితా రాయండి: వేళ, తావు, ఏ పిట్ట, ఎన్ని. పిట్టల జాబితాలు రాసుకునే ఈ-బర్డ్ యాప్‌లో రాసినా సరే, నోట్‌బుక్‌లో రాసినా సరే. మొదటి గంటలో నెమ్మదిగా నడవండి, అర కిలోమీటరు చాలు. తర్వాత ఎండను బట్టి నీడ, నీళ్లు, ఆకాశం వైపు చూపు మార్చండి. రెండు పావుగంటల జాబితాల్లో కొత్త పేరు రాకపోతే ఆ తావుకు ఆ పూటకు అయిపోయింది.

మీ ఊరి చెరువుకు సరైన వేళ ఏదో బయటివాళ్లు చెప్పలేరు. అది తేల్చుకోవడానికి ఒకే నెలలో, ఒకే చోట నిలబడి, పొద్దుపొడుపు వేళ, తొమ్మిదింటికి, పొద్దు గూకడానికి గంట ముందు మూడు జాబితాలు రాయండి. వాన, జాతర, వల తీసిన రోజు వదిలేయండి. ఒక్క రోజు చూసి తేల్చొద్దు, ప్రతి వేళకూ మూడు నాలుగు రోజులవి కలిపి చూడండి. ఆ లెక్క చలికాలానిదైతే ఎండాకాలానికి పనికిరాదు, మళ్లీ రాయాల్సిందే.

తొమ్మిదింటికి గాని కదలలేనివాళ్లకు

ఆదివారం టిఫిన్ చేసి గాని బయలుదేరలేని ఇళ్లుంటాయి. పిల్లలను మబ్బుల లేపి తీసుకుపోతే రెండోసారి రామంటారు. చలికాలమైతే తొమ్మిదింటికి ఏ పెద్ద చెరువు తూర్పు ఒడ్డుకైనా పోండి. బాతులు, బుడబుంగలు, జకానాలు, కూట్‌లు పదకొండు దాకా కనబడతాయి, పిల్లలకు బైనాక్యులర్ పట్టడం నేర్పడానికి తేలిక పిట్టలు కూడా అవే. జనవరి, జులైలలో అయితే కాకతీయ కాలువ కింద కరిగెట నడిచే పొలం వెతకండి. ఎండాకాలంలో తొమ్మిది దాటితే పిల్లలతో బయటికి పోవద్దు, వడదెబ్బ తగులుతుంది. ఇంటి మీద మట్టి మూకుడులో రెండంగుళాల లోతుకు నీళ్లు పోసి, రోజూ కడిగి మార్చి, కిటికీలోంచి చూడండి. బుల్‌బుల్, గోరింక, పిచ్చుక మధ్యాహ్నం కూడా వస్తాయి. ఏ కాలమైనా సాయంత్రం అయిదు తర్వాత ఊళ్లోని పెద్ద రావిచెట్టు కింద అరగంట ఉంటే గోరింకలు, రామచిలుకలు చేరడం చూడవచ్చు. గొడుగు తీసుకెళ్లడం మరవొద్దు, అది వాన కోసం కాదు.